కెనోరాలో ఉద్యోగం వచ్చింది, వెళ్లమంటారా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. కెనడా వచ్చి ఐదు నెలలైంది, టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో ఉంటున్నాను. ఇదే ఒంటారియో రాష్ట్రంలో కెనోరా అనే చిన్న ఊళ్లో ఉద్యోగం వచ్చింది, జనవరిలో చేరాలి. మ్యాపులో చూస్తే నీళ్లూ అడవీ తప్ప ఏమీ కనబడట్లేదు. టెన్షన్‌గా ఉంది. అక్కడ మనవాళ్లెవరైనా ఉన్నారా?

జవాబు: తమ్ముడూ, మేం ఇక్కడ నాలుగేళ్లుగా ఉంటున్నాం. ధైర్యంగా రా. నువ్వు మ్యాపులో చూసిన ఆ నీళ్ల కోసమే మేం ఈ ఊళ్లో ఉండిపోయాం. ఊరి ఒడ్డున ఉన్న సరస్సు, లేక్ ఆఫ్ ద వుడ్స్‌లో 14,000 పైచిలుకు దీవులున్నాయి. వేసవి సాయంత్రాలు ఒడ్డున కూర్చుంటే ఫ్లోట్ విమానాలు నీళ్ల మీద వాలుతుంటాయి, మా పిల్లలకి అదే సినిమా. అక్కడే 1967లో కట్టిన 40 అడుగుల మస్కీ చేప బొమ్మ ఉంటుంది. నీ మొదటి ఫోటో దాని దగ్గరే దిగు. ఐస్ హాకీ గురించి రెండు ముక్కలు తెలుసుకుని రా. ఇంత చిన్న ఊరి జట్టు, థిసిల్స్, 1907లో ఆ ఆటలో అతి పెద్ద కప్పు, స్టాన్లీ కప్ గెలిచింది. ఆ మాట ఎత్తితే చాలు, ఎవరైనా నీతో మాట కలుపుతారు.

చలికి భయపడకు. మొదటి చలికాలం నేను గడప దాటలేదు. చివరికి పక్కింటి పెద్దాయన మమ్మల్ని మంచు మీద చేపలు పట్టడానికి తీసుకెళ్లాడు. చిన్న గుడిసె, లోపల హీటరు. మరతో మంచుకి కన్నం వేయగానే నల్లటి నీళ్లు పైకి ఉబికాయి. కాసేపటికి బంగారు రంగు వాలై చేప పడింది, ఇక్కడ పికరెల్ అంటారు. ఆయన కండ కోసుకుని తల పారేయబోతుంటే, నాకిమ్మని అడిగి తెచ్చుకున్నాను. చింతపండు, మెంతిపొడి వేసి పులుసు పెట్టి, మర్నాడు వాళ్లింటికి గిన్నెడు పంపాను. అప్పటినుంచి చేపలు పడ్డప్పుడల్లా తలకాయల సంచి మా గుమ్మం ముందుంటుంది.

ఒక్కటి మాత్రం మర్చిపోకు: ఒంటరిగా మంచు మీదికి వెళ్లొద్దు. దీవుల మధ్య ఇరుకు చోట్ల కింద నీరు పారుతుంటుంది, మంచు పలచగా ఉంటుంది. ఎక్కడ నడవొచ్చో ఊరివాళ్లని అడుగు. ఇల్లు చూసేటప్పుడు కారు బ్లాక్ హీటరుకి (చలిలో ఇంజను వెచ్చగా ఉంచేది) బయట ప్లగ్గు ఉందా అని కనుక్కో. ఇంకో సంగతి, ఒంటారియోనే అయినా ఇక్కడి టైము టొరంటో కంటే గంట వెనక.

మరో జవాబు: నేను విన్నిపెగ్‌లో ఉంటాను, కెనోరా నుంచి రెండు గంటల దారి. కందిపప్పు, గోంగూర కావాలంటే ఇక్కడికే రావాలి. తిరుగు ప్రయాణం మాత్రం పొద్దుగూకక ముందే పెట్టుకో. సంజె వేళ రోడ్డు మీదికి జింకలు వచ్చేస్తాయి. వచ్చే ముందు ఒక మాట చెప్పు బాబూ, భోజనం మా ఇంట్లో.