రెండు చేతులు మారిన పుస్తకం చదవచ్చా?

జిరాక్స్ అంగడి, నెల్లూరు:

నాది ఒక కాలేజీ ఎదురుగా జిరాక్స్ అంగడి. పొద్దున పదింటి నుంచి పన్నెండున్నర దాకా పిలకాయల రికార్డులు, స్పైరల్ బైండింగులు, ఊపిరాడదు. ఒంటిగంట దాటితే మన నెల్లూరు ఎండకి మనిషి కాదు గదా ఈగ కూడా రాదు. ఆ రెండు గంటలు నేను పుస్తకం తీస్తా.

మా పాప బెంగుళూరులో చదవతా ఉంది. పోయినసారి వచ్చినప్పుడు బాను ముష్తాక్ ‘హార్ట్ ల్యాంప్’ తెచ్చిచ్చింది, ఇంగ్లీషుది. 2025 మేలో లండన్‌లో ఇంటర్నేషనల్ బుకర్, అదే ఇంగ్లీషులోకి అనువాదమైన పుస్తకాలకిచ్చే బహుమతి, వచ్చింది దీనికే. కన్నడంలో రాసినామె హాసన్‌లో లాయరు. ఇంగ్లీషు చేసినామె దీపా భాస్తి. బహుమతి 50,000 పౌండ్లు, ఇద్దరికీ చెరి సగం. మన తట్టు చూస్తే అనువాదం చేసినాయన పేరు ఎక్కడుందో కళ్ళజోడు పెట్టుకుని వెతుక్కోవాల.

12 కథలు. ఫోన్లో డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివితే మూడు నెలలు పట్టింది. పుస్తకానికి పేరిచ్చిన కథలో మెహ్రున్ అని ఒకామె. మొగుడు ఇంకొకామెని మరిగాడు. ఈమె చంటిబిడ్డని చంకనేసుకుని పుట్టింటికొస్తాది. అన్నదమ్ములు నచ్చజెప్పి మళ్ళా ఆ కొంపలోనే దిగబెట్టి పోతారు. ఆ రాత్రి కిరసనాయిలు డబ్బా, పెద్దకూతురు... ఇంక చెప్పను, చదవనోళ్ళు ఉంటారు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఒక పిలగాడొచ్చి “అన్నా, ఆధార్ రెండుపక్కలా ఒకే పేజీలో” అన్నాడు. మూడుసార్లు తీశా. మూడుసార్లూ ఒకే పక్క వచ్చింది.

ఇప్పుడు నా అనుమానం. చదివింది ఇంగ్లీషే గానీ తలకాయలో తెలుగైపోతా ఉంది. పుట్టిల్లు అనే మాట ఇంగ్లీషోళ్ళకి లేదు గదా, వాళ్ళు ఎట్టా రాసినా నాకు పుట్టిల్లు అనే వినపడింది. దీపా భాస్తి కూడా కన్నడ మాటలు, ఉర్దూ మాటలు వాలు అక్షరాల్లో పెట్టకుండా, కింద అర్థాలు రాయకుండా అట్టే వదిలేసింది. అందుకే మన పక్కింటి గొడవ విన్నట్టుంది. కొరియా పుస్తకానికి అట్టా కుదరదు గదా? 2024లో నోబెల్ వచ్చిన హాన్ కాంగ్‌ని చదవాలని ఉంది. అంత దూరం పుస్తకాలు మన దాకా వచ్చేది జాస్తిగా ఇంగ్లీషు మీదుగానే. అట్టా రెండు చేతులు మారి వచ్చినవి చదవడం దండగా? తెలిసినోళ్ళు చెప్పండి.

ఒంగోలు టీచర్:

అన్నయ్యా, మీ అనుమానం ఉట్టిది కాదు. హాన్ కాంగ్ ‘ది వెజిటేరియన్’కి 2016లో ఇదే బుకర్ వచ్చింది. అనువదించిన డెబొరా స్మిత్ కొరియన్ నేర్చుకోవడం మొదలుపెట్టింది 2010లో. తర్వాత కొరియా వాళ్ళు పక్కపక్కన పెట్టి చూస్తే తప్పులు దొరికాయి. కొరియన్‌లో ‘బల్’ అంటే పాదం, ‘పల్’ అంటే చెయ్యి. ఒకచోట పాదాన్ని చెయ్యి చేసేసిందామె. ఆ ఇంగ్లీషు మీదుగా ఎవరైనా తెలుగు చేస్తే ఆ చెయ్యి తెలుగులోనూ చెయ్యిగానే ఉంటుంది, పాపం తెలుగాయనకి తెలిసే దారేదీ?

అయినా చదవొద్దని అనను. రష్యా రచయిత గోర్కీ ‘అమ్మ’ను క్రొవ్విడి లింగరాజు గారు తెలుగు చేసింది ఇంగ్లీషు మీదుగానే. మా నాన్న దాన్ని అట్ట ఊడితే అన్నం మెతుకులతో అంటించి మరీ చదివాడు. ఉప్పల లక్ష్మణరావు గారిలా మాస్కోలో ఉండి నేరుగా రష్యన్ నుంచి చేసినవాళ్ళు వేరే. అలాంటి అదృష్టం అన్ని భాషలకీ పట్టదు.

నేనొకటి చేస్తాను. షాపులో పుస్తకం తెరిచి ముసలావిడ మాట్లాడే చోటు వెతుక్కుని పైకి చదువుతాను. ఆవిడ వార్తాపత్రికలాగా మాట్లాడిందా, మూసేస్తాను. “నేను దాని గురించి చింతించడం లేదు” అని ఏ ముసలమ్మ అంటుందండీ? “నాకేం దిగులు లేదులే” అంటుంది. ఇంగ్లీషు మీదుగా వచ్చినా, నేరుగా వచ్చినా, అనువదించినాయనకి తెలుగు రాకపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు.

కావలి కుర్రోడు:

దండగే. ఇంగ్లీషులోనే చదువుకో. తెలుగు చేసేవాడికి పైసా ఇవ్వరు, వాడెందుకు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తాడు?

జిరాక్స్ అంగడి, నెల్లూరు:

తమ్ముడూ, నాకు ఇంగ్లీషు సరిగా వచ్చుంటే 12 కథలకి మూడు నెలలు పట్టేదా? డబ్బుల సంగతి మాత్రం నువ్వన్నది నిజం.

టీచరమ్మా, ముసలావిడ పరీక్ష బో బాగుంది. తిక్కన పేరెత్తకుండా మా ఊళ్ళో ఎవరూ మైకు పట్టుకోరు, నేను ఎత్తకూడదనే అనుకున్నా. కానీ ఆ పరీక్ష పెడితే ఆయన ఇప్పటికీ పాసే. విరాటపర్వం మొదలుకుని పదిహేను పర్వాల్లో యాడ చూసినా మనుషులు మాట్లాడినట్టే మాట్లాడతారు.

కనిగిరి మేస్త్రి, బెంగుళూరు:

అన్నా నమస్తే. నేను పద్దెనిమిదేళ్ళ నించి ఈడనే సెంట్రింగ్ పని. చదువు ఏడో తరగతి. కొరియా సంగతి నాకు తెల్దు గానీ, కన్నడ పుస్తకాన్ని లండన్ దాకా పంపించి మళ్ళా నెల్లూరు తెచ్చుకునేదేంది? నేరుగా చదువు. ఎనభై పాళ్ళు మన అక్షరాలే. తలకట్టు మనకి టిక్కు పెట్టినట్టుంటాది, వాళ్ళకి పైన రేకు కప్పినట్టుంటాది, అంతే. నేను బస్సు బోర్డులు చూసే నేర్చుకున్నా.

ఇంకో కిటుకు చెప్తా. వాళ్ళ మాట ‘హ’తో మొదలైతే ‘ప’ పెట్టి చూడు. హాలు అంటే పాలు. హులి అంటే పులి. హూవు అంటే పువ్వు. అన్నిటికీ కుదరదు, సగానికి కుదరతాది.

ఆ కథ కన్నడం పేరు ‘ఎదెయ హణతె’. ఎదె అంటే మన ఎదే. హణతె అంటే ప్రమిద, మట్టిది. ల్యాంప్ అంటే కరెంటుది కూడా ల్యాంపే గదా. ఇంగ్లీషు చూసి తెలుగు చేసినాయన ‘హృదయ దీపం’ అంటాడు, పెళ్ళి శుభలేఖ మాదిరి. కన్నడం చూసి చేసినాయనైతే ‘ఎదలో ప్రమిద’ అనుండు. ఆయమ్మ కథలో నూనె అయిపోయి వత్తి కాలేది ప్రమిదే గానీ బల్బు కాదు గదన్నా.

ఒంగోలు టీచర్:

మేస్త్రి గారూ, దీన్ని రేపు తొమ్మిదో తరగతిలో చెప్తాను. మీ పేరు చెప్పకుండా కనిగిరి మేస్త్రి అన్నారనే చెప్తాను.

జిరాక్స్ అంగడి, నెల్లూరు:

మేస్త్రీ, నీ మాట పట్టుకుని నిన్న మా పాపకి ఫోన్ చేసి కన్నడ పుస్తకంలో ఒక పేజీ ఫోటో పంపమన్నా. పంపింది. చిన్న అక్షరాలు కనపడలా, మన మిషన్లోనే 150 శాతం పెంచి ప్రింటు తీశా. మొదటి వాక్యం చదివేదానికి ఇరవై నిమిషాలు పట్టింది. మూడు మాటలు అర్థమయినాయి, ఒకటి తప్పు.

నీ ‘హ’ కిటుకు నన్ను ఒకచోట ముంచింది. హణతెని పణతె చేశా. మనకి పక్కనే అరవం కాబట్టి పణం అంటే డబ్బు గదా, ఇదేదో గుండెల్లో డబ్బు దాచుకున్న కథ అనుకున్నా. పాప ఫోన్లో నవ్వతానే ఉంది. రెండో పేజీ అడిగా.