‘ఉడుంపట్టు’ అనవచ్చా, ‘పట్టువిడుపు’ అనాలా?

ప్రశ్న: ఇంటర్ పిల్లల కోసం కణంలో సంకేతాలు ఎలా నడుస్తాయో తెలుగులో రాస్తున్నాను. ‘ఎస్‌హెచ్2 డొమైన్ తన లక్ష్యాన్ని ఉడుంపట్టు పడుతుంది’ అని ఒక వాక్యం పడింది. మా సహోద్యోగి ‘బంధిస్తుంది’ అంటే చాలు కదా అంటున్నారు. ఏది నయమంటారు, మాస్టారూ?

జవాబు: రెండూ వద్దంటానండి. ‘బంధిస్తుంది’ అనగానే పిల్లలకు సమయోజనీయ బంధం గుర్తొస్తుంది. ఇక్కడ అది ఏర్పడదు. ఇక ఉడుంపట్టు అంటే ప్రాణం పోయినా వదలనిది. ఎస్‌హెచ్2 పనితనంలో సగం వదలడంలోనే ఉంది.

కాస్త దగ్గరగా చూద్దాం. డొమైన్ అంటే ప్రోటీన్ గొలుసులో తనంతట తానే మడతపడి ఒక రూపానికొచ్చే ముక్క. దానికి నాకు నచ్చిన తెలుగు మాట ఇంకా దొరకలేదు, డొమైన్ అనే ఉంచండి. ఎస్‌హెచ్2లో సుమారు 100 అమైనో ఆమ్లాలుంటాయి. 1986లో శాస్త్రవేత్త టోనీ పాసన్ బృందం దీన్ని గుర్తించింది. సార్క్ అనే ప్రోటీన్‌లోని ఒక భాగాన్ని పోలి ఉందని ‘సార్క్ హోమాలజీ’ (సార్క్ పోలిక) అన్నారు, ఎస్‌హెచ్ దాని పొట్టి పేరు (దక్షిణాసియా దేశాల కూటమితో చుట్టరికం లేదు). మనిషిలో ఇలాంటివి 120 దాకా ఉన్నాయి.

ఇది పట్టుకునేది వేరే ప్రోటీన్‌లో ఉండే టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని. అదీ ఉత్తది కాదు, సంకేతానికి గుర్తుగా ఫాస్ఫేట్ తగిలించుకున్నది. డొమైన్ మీద లోతైన గుంట ఒకటుంది. దాని అడుగున ధనావేశంతో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఒకటి ఉంటుంది. ఋణావేశమున్న ఫాస్ఫేట్ లోపలికి దిగగానే ఆర్జినిన్‌లోని రెండు నత్రజనులు ఫాస్ఫేట్‌లోని రెండు ఆక్సిజన్లను అందుకుంటాయి. సెరిన్‌కు ఫాస్ఫేట్ తగిలినా లాభం లేదు. దాని చెయ్యి పొట్టి, గుంట అడుగు అందదు. ఆ ఒక్క ఆర్జినిన్‌ను మార్చేస్తే పట్టు దాదాపు పోయినట్టే.

మరి ఏ ఎస్‌హెచ్2కి ఏ టైరోసిన్ అన్నది ఎలా తేలుతుంది? పక్కనున్న అమైనో ఆమ్లాలను బట్టి. టైరోసిన్ తర్వాత మూడో స్థానంలో ఐసోల్యూసిన్ ఉంటే సార్క్‌కు ఇష్టం, దాన్ని ఇముడ్చుకోవడానికి ఇంకో చిన్న గుంట ఉంది. ఎస్‌హెచ్2 ఉన్న మరో ప్రోటీన్ జీఆర్‌బీ2కి మాత్రం రెండో స్థానంలో ఆస్పరాజిన్ కావాలి. దాని డొమైన్‌లో ఒక ట్రిప్టోఫాన్ దారికి అడ్డంగా నిలబడి ఉంటుంది, అందుకని వచ్చిన గొలుసు అక్కడ మలుపు తిరగక తప్పదు. 1994లో సార్క్ డొమైన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లాన్ని ట్రిప్టోఫాన్‌గా మార్చి చూశారు. దాని ఇష్టాయిష్టాలు జీఆర్‌బీ2 వైపు మళ్లాయి!

ఇంత ఏరికోరి పట్టుకున్నా పట్టు మాత్రం ఓ మోస్తరుదే. పట్టును కొలిచే విఘటన స్థిరాంకం (ఇది ఎంత తక్కువైతే పట్టు అంత గట్టి) సాధారణంగా మైక్రోమోలార్‌కు అటూ ఇటూ ఉంటుంది. పట్టిన కాసేపటికే వదిలేస్తుంది. వదిలితేనే ఫాస్ఫటేజ్ ఎంజైమ్ వచ్చి ఫాస్ఫేట్‌ను తీసేయగలదు, సంకేతం ఆగుతుంది. వదలకపోతే ఏమవుతుందో 2012లో కెనడా పరిశోధకులు చూపించారు. ఫిన్ అనే ప్రోటీన్‌లోని ఎస్‌హెచ్2లో మూడు అమైనో ఆమ్లాలు మార్చి పట్టు బాగా బిగించారు. కణంలో పెడితే అది ఫాస్ఫోటైరోసిన్లను కబ్జా చేసి కూర్చుంది. రావలసిన ప్రోటీన్లకు చోటు లేక, కణాన్ని పెరగమని చెప్పే ఈజీఎఫ్ గ్రాహకం నుంచి సాగాల్సిన సంకేతం ఆగిపోయింది. మీ ఉడుంపట్టు నిజమైతే జరిగేది అదీ. అందుకే ‘పట్టువిడుపు’ అంటాను.

ప్రశ్న: ‘పట్టువిడుపులు లేని మనిషి’ అంటాం కదండీ. ప్రోటీన్‌కు వాడితే సీట్ల సర్దుబాటు వార్తలా ఉండదూ?

జవాబు: బహువచనంలో పెడితే అలాగే ఉంటుంది. విడదీసి ‘దీని పట్టు ఎంత ముఖ్యమో విడుపూ అంతే’ అనండి, ఆ వాసన పోతుంది. అదీ కుదరని చోట ‘పట్టుకుంటుంది’, ‘వదులుతుంది’ ఉండనే ఉన్నాయి.

ఉడుంపట్టును పారేయకండి. స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ బయోటిన్ అనే విటమిన్‌ను పట్టుకోవడం గురించి రాసేటప్పుడు పనికొస్తుంది. అది ఎస్‌హెచ్2 పట్టు కంటే కోటి రెట్లకు పైగా గట్టిది. వాటిని విడదీయడానికి ప్రయోగశాలలో డిటర్జెంట్ పోసి మరిగించాల్సి వస్తుంది.