రెజ్యూమెలో గ్యాప్ ఉంటే చెప్పాలా, దాచాలా?

లెక్కలపుస్తకం:
అకౌంట్స్‌లో పనిచేస్తాను. అమ్మకు ఒంట్లో బాగోకపోతే 2022 జనవరి నెలాఖరున ఉద్యోగం మానేశాను, మళ్ళీ చేరింది 2023 ఏప్రిల్‌లో. అంటే 14 నెలలు ఖాళీ. ఆ కాంట్రాక్టు కూడా అయిపోయి ఇప్పుడు మళ్ళీ వెతుక్కుంటున్నా. నెలలు తీసేసి "2019–2022", "2023–2025" అని రాస్తే గ్యాప్ అసలు కనపడదని ఒక స్నేహితురాలు చెప్పింది. అలా రాయొచ్చా? రాస్తే దొరికిపోతానేమోనని టెన్షన్‌గా ఉంది.

మూడోరౌండ్:
నిశ్చింతగా రాయండి. అది అబద్ధం కాదు, మీరు ఆ సంవత్సరాల్లో పనిచేసిన మాట నిజమే కదా. ద లాడర్స్ అనే ఉద్యోగాల సైటు 2018లో రిక్రూటర్ల చూపు ఎటు పోతుందో గమనిస్తే, ఒక్కో రెజ్యూమె మీద మొదటిసారి వాళ్ళు పెట్టే సమయం సగటున 7.4 సెకన్లని తేలింది. ఆ కాస్త సమయంలో గ్యాప్ కంట్లో పడితే మిగతాది ఎవరు చదువుతారు? ముందు ఇంటర్వ్యూ దాకా వెళ్ళాలి, అక్కడ ఎదురుగా కూర్చుని చెబితే మనిషి అర్థం చేసుకుంటాడు. నాకూ 9 నెలల గ్యాప్ ఉంది, దాన్ని రాసినన్నాళ్ళూ ఒక్క ఫోన్ రాలేదు.

తెల్లకాగితం:
నేను ఒప్పుకోను. మా టీంలోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు రెజ్యూమెలు చదివేది నేనే, నెలలు లేకుండా సంవత్సరాలు మాత్రమే కనపడితే నా చూపు ముందు అక్కడే ఆగుతుంది, 14 నెలల గ్యాప్‌ని 23 నెలలేమో అనుకుంటాను కూడా. పైగా చాలా కంపెనీల అప్లికేషన్ ఫారంలో చేరిన నెల, మానేసిన నెల విడిగా అడుగుతారు, లింక్డ్‌ఇన్‌లో నెలలు ఉంటాయి, తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పాత కంపెనీని తేదీలు అడుగుతారు. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవకపోతే గ్యాప్ కంటే అదే పెద్ద అనుమానం అవుతుంది.

అమ్మని చూసుకోవడం దాచుకోవాల్సిన పని కాదండి. లింక్డ్‌ఇన్ 2022లో కెరీర్ బ్రేక్ అని ప్రొఫైల్లో విడిగా రాసుకునే వీలు ఇచ్చింది, రెజ్యూమెలో కూడా ఉద్యోగాల వరసలోనే ఒక్క లైను రాస్తే సరిపోతుంది. జబ్బు పేరు, ఆసుపత్రి వివరాలు అస్సలు వద్దు. మిగిలిన శ్రద్ధంతా మీరు చేసిన పని మీద పెట్టండి. నెల లెక్కలు ముగించే పని గురించి "నెలాఖరు క్లోజింగ్ బాధ్యతలు చూశాను" అంటే నాకేమీ తెలియదు, "8 రోజులు పట్టే క్లోజింగ్ 5 రోజులకు తెచ్చాను" అంటే పిలిచి ఎలా చేశారో అడగాలనిపిస్తుంది. ఆ 7.4 సెకన్లూ ఇలాంటి లైను మీద పడాలి. అది నిజంగా మీరు చేసిందే, మీ దగ్గర లెక్క ఉన్నదే అయి ఉండాలి.

ఇంకోటి, తేదీలు కనపడకుండా నైపుణ్యాలన్నీ పైన పోగేసి ఉద్యోగాలు కింద రెండు లైన్లలో రాసే పద్ధతి ఒకటుంది. దాని జోలికి పోవద్దు. ఏ పని ఎక్కడ చేశారో తెలియక చదివేవాళ్ళు విసుక్కుంటారు.

మూడోరౌండ్:
వెరిఫికేషన్ సంగతి ఒప్పుకుంటున్నా, ఫారంలో నెలలు అడిగితే ఉన్నది ఉన్నట్టే రాయాలి, అందులో రెండో మాట లేదు. కానీ అందరూ మీలా చదవరు. తన సొంత అనారోగ్యం వల్ల ఆగిపోయినవాళ్ళు కారణం రాస్తే, మళ్ళీ మానేస్తారేమోనని పక్కన పెట్టేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకేం చెబుతారు?

తెల్లకాగితం:
వాళ్ళు కారణం రాయక్కర్లేదు. "వ్యక్తిగత విరామం" అని, పక్కన తేదీలు రాస్తే చాలు. కారణం చెప్పకపోవడం వాళ్ళ హక్కు, నేను తప్పు పట్టేది తేదీలు చెరపడాన్నే.

లెక్కలపుస్తకం:
ఇద్దరికీ థాంక్సండి. ఇలా రాశాను: "2022 ఫిబ్రవరి – 2023 మార్చి: కుటుంబ సభ్యురాలి సంరక్షణ కోసం విరామం. ఈ సమయంలో అడ్వాన్స్‌డ్ ఎక్సెల్ కోర్సు పూర్తి చేశాను." కోర్సు నిజంగానే చేశాను, సర్టిఫికెట్ ఉంది. రెండో వాక్యం ఉంచాలా, లేక సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు ఉందా?

తెల్లకాగితం:
ఉంచండి. రెండో వాక్యంలో "ఈ సమయంలో" అన్నది తీసేసి "అడ్వాన్స్‌డ్ ఎక్సెల్ కోర్సు పూర్తి" అని మాత్రం రాయండి.