చేతికొచ్చే జీతంలో సగం అద్దెకే పోతుంటే ఆ ఫ్లాట్ తీసుకోవచ్చా?

బడాబజార్ అన్నయ్య, బరంపురం

అందరికీ నమస్కారం. పది రోజులుగా మా ఇంట్లో ఇదే గొడవ. మా తమ్ముడికి హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతికి 82 వేలు వస్తుంది. ఈమధ్యే పెళ్లయింది. మరదలు ఇంకా ఉద్యోగం వెతుక్కుంటోంది. కొండాపూర్‌లో గేటెడ్ కమ్యూనిటీలో ఒక డబుల్ బెడ్‌రూమ్ చూశారు. ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్, గోడకి వార్డ్‌రోబులు, కింద జిమ్, స్విమ్మింగ్ పూల్. అద్దె 38 వేలు, మెయింటెనెన్స్ 4 వేలు. ఇంకోటి మోతీనగర్‌లో పాత బిల్డింగ్‌లో రెండో అంతస్తు. 22 వేలు, నీళ్లతో కలిపి. అక్కడి నుంచి ఆఫీసుకి బండి మీద ముప్పావు గంట.

అమ్మకి 42 వేలు అనగానే గుండె ఆగినంత పనైంది. మా గాంధీనగర్ వైపు అయిదు నెలల అద్దె అది. వాడేమో "జీతంలో ఇంటి అద్దెకని ఇచ్చే హెచ్‌ఆర్‌ఏ మీద పన్ను కలిసొస్తుంది అన్నయ్యా, కొత్తగా కాపురం పెడుతున్నాం, కాస్త బాగుండాలి కదా" అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. అలాగని గట్టిగా వద్దనలేకపోతున్నాను.

రాయగడ రైల్వే

వద్దనే చెప్పండి బాబూ. ముప్పై ఏళ్లు క్వార్టర్లలో బతికినవాణ్ణి. ఇంటికి కావలసింది నీళ్లు, గాలి, పక్కన మంచి మనుషులు. మిగతా వాటికి మనం కట్టే డబ్బు వేరేవాళ్ల బ్యాంకు లోను తీర్చడానికే పోతుంది. నెలకి 20 వేలు ఎక్కువంటే ఏడాదికి 2 లక్షల 40 వేలు. మూడేళ్లు దాచితే ఇక్కడ మనవైపు ఒక స్థలానికి అడ్వాన్స్ అవుతుంది.

పర్లాకిమిడి అమ్మాయి, ఇప్పుడు బెంగళూరు

పెద్దాయనా, మీ మాట మీద గౌరవం ఉంది. కానీ ఆ ఇంట్లో రోజంతా ఉండేది ఎవరో ఒక్కసారి ఆలోచించండి. తమ్ముడు కాదు, ఆ అమ్మాయి. నేను బెంగళూరులో మొదట తీసుకున్నది పాత ఇల్లు, అద్దె తక్కువని. మెట్లమీద లైటు ఉండదు. ఇంటాయన దగ్గర ఇంకో తాళంచెవి ఉండేది. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో నిలబడి ఉన్నాడు, "పంపు చూడ్డానికి వచ్చా" అన్నాడు. ఆ రాత్రి నిద్రపోలేదు. 2024 వేసవిలో బోరు ఎండిపోయింది. ట్యాంకర్ కోసం తెల్లవారుజామున నాలుగింటికి లేచి కూర్చునేవాళ్లం. వదిలేసి వస్తుంటే రంగుల ఖర్చని ఒక నెల అద్దె అడ్వాన్స్‌లోంచి పట్టుకున్నారు.

ఇప్పుడు ఇద్దరం కలిసి గేటెడ్‌లో 36 వేలకి ఉంటున్నాం, చెరి 18. నైట్ షిఫ్ట్ నుంచి ఏ టైముకి వచ్చినా గేటు దగ్గర మనిషి ఉంటాడు. కరెంటు పోతే జనరేటర్ ఉంది. నేను ఆ డబ్బు కట్టేది సీలింగ్‌లో వెలిగే లైట్లకి కాదండీ, టెన్షన్ లేకుండా తలుపు తీసుకుని ఇంట్లోకి రావడానికి.

లెక్కల మాస్టారు, జయపురం

హెచ్‌ఆర్‌ఏ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఆదాయపు పన్ను పాత పద్ధతిలో మినహాయింపు మూడింటిలో ఏది తక్కువైతే అది: వచ్చే హెచ్‌ఆర్‌ఏ, అద్దెలోంచి బేసిక్ జీతంలో పది శాతం తీసేయగా మిగిలింది, నగరాన్ని బట్టి బేసిక్‌లో 40 లేదా 50 శాతం. తమ్ముడి బేసిక్ 50 వేలు, హెచ్‌ఆర్‌ఏ 20 వేలు అనుకుందాం. 38 వేల అద్దెకి మినహాయింపు 20 వేలు. 22 వేల అద్దెకి 17 వేలు. అంటే అద్దె 16 వేలు పెరిగితే మినహాయింపు పెరిగేది 3 వేలే. 20 శాతం శ్లాబులో ఉంటే నెలకి ఆదా అయ్యే పన్ను 600 రూపాయలు, కాస్త సెస్సు.

పైగా 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటుతో పన్నే లేదు. జీతగాళ్లకి ఏ రసీదూ లేకుండా ఆదాయంలోంచి తీసేసే స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు అదనం. ఆ జీతానికి కొత్త పద్ధతే లాభం, అందులో అద్దె రసీదుకి పనే ఉండదు. ఇల్లు నచ్చి తీసుకుంటే తీసుకోండి, పన్ను మిగులుతుందని మాత్రం తీసుకోవద్దు.

గాంధీనగర్ మేడ, బరంపురం

నేను ఇంటి ఓనర్‌ని. మా మేడ మీద వాటా 7 వేలకి ఇచ్చేవాణ్ణి. ఖాళీ అయ్యాక ఆరు నెలలు టు-లెట్ బోర్డు వేలాడింది. వచ్చిన ప్రతివాళ్లూ ఫోన్‌లో ఫొటోలు చూపించి "ఇలా ఉందా అంకుల్" అని అడిగేవారు. చివరికి మూడున్నర లక్షలు పెట్టి ఫాల్స్ సీలింగ్, ప్లైవుడ్ అల్మారాలు, కిచెన్ క్యాబినెట్లు చేయించాను. వారంలో మనిషి దొరికాడు, 9,500కి.

ఇప్పుడు లెక్క చూడండి. పెరిగింది నెలకి 2,500, ఏడాదికి 30 వేలు. పెట్టిన డబ్బు వెనక్కి రావడానికి దాదాపు పన్నెండేళ్లు. గోపాల్‌పూర్ సముద్రం గాలి మాకు తగులుతూనే ఉంటుంది. రెండో వానాకాలానికే సింక్ కింద ప్లైవుడ్ ఉబ్బి తలుపు పట్టేసింది. సీలింగ్‌లో ఒక మూల పసుపుపచ్చ మచ్చ పడింది. పైన లీకు ఎక్కడుందో తెలియాలంటే సీలింగ్ విప్పాలి. మునుపైతే నిచ్చెన వేసి చూసి, సిమెంటు రాసేవాణ్ణి.

అందుకే కుర్రాళ్లకి చెప్పేది: కొత్తగా మెరిసే ఇల్లు చూసినప్పుడు సింక్ కింద చెయ్యి పెట్టి తడిమి చూడండి. వార్డ్‌రోబ్ తలుపు తీసి వాసన చూడండి. హాలు అందం ఫొటోలో కనబడుతుంది, చెమ్మ కనబడదు.

బల్లార్షా నాన్న

మా అమ్మాయి పుణెలో ఉంటోంది. మహారాష్ట్రలో లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందం, అంటే అక్కడ ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు రాసుకునే కాగితం, రిజిస్టర్ చేయించడం చట్టప్రకారం ఓనర్ బాధ్యత. రిజిస్టర్ కాకపోతే గొడవ వచ్చినప్పుడు షరతుల విషయంలో అద్దెదారు చెప్పిందే ముందు నమ్ముతారు. ఆ కాగితం ఉంది కాబట్టే మా అమ్మాయి అడ్వాన్స్ పైసా తగ్గకుండా వెనక్కి వచ్చింది. 2021 జూన్‌లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకి అడ్వాన్స్ రెండు నెలలు మించకూడదని, ఓనర్ ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని ఉంది. కాకపోతే అది నమూనా. రాష్ట్రం తన చట్టంగా చేసుకున్నచోటే అమలవుతుంది. కాబట్టి తమ్ముణ్ణి ఈ రెండు షరతులూ అగ్రిమెంట్‌లో రాయించుకోమనండి, పర్లాకిమిడి అమ్మాయికి జరిగినట్టు జరగకుండా.

రాయగడ రైల్వే

అమ్మా, తాళంచెవి సంగతి చదివి చాలా బాధపడ్డాను. నాకు ఆ కోణం తట్టలేదు. అయినా భద్రతకి 20 వేలు ఎక్కువ పెట్టాలా? వాచ్‌మన్ కుటుంబంతో కిందే ఉండే పాత అపార్ట్‌మెంట్లు హైదరాబాద్‌లో బోలెడు ఉన్నాయి.

బడాబజార్ అన్నయ్య, బరంపురం

ఆదివారం నేనే హైదరాబాద్ వెళ్లాను. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో టేపు కూడా పట్టుకెళ్లాను. కొండాపూర్ ఫ్లాట్ 1,240 చదరపు అడుగులని బ్రోకర్ చెప్పాడు. గది గదీ కొలిస్తే బాల్కనీతో కలిపి 800 దాటలేదు. మిగతాదంతా లిఫ్టు, మెట్లు, లాబీ, క్లబ్‌హౌస్‌లో మన వాటా. మోతీనగర్‌ది 950 అన్నారు, లోపల 780 వచ్చింది. అంటే మెసిలే చోటు ఇంచుమించు ఒకటే.

కొండాపూర్ కిచెన్ చూడ్డానికి చాలా బాగుంది. కానీ పొయ్యికీ సింక్‌కీ మధ్య రెండడుగుల గట్టే ఉంది. అమ్మ ఇచ్చిన గ్రైండర్ పెడితే కూరగాయలు తరగడానికి చోటుండదు. రెండో బెడ్‌రూమ్‌లో మంచం వేస్తే వార్డ్‌రోబ్ తలుపు సగమే తెరుచుకుంటుంది. బాల్కనీలో బట్టలు ఆరేయకూడదని అసోసియేషన్ రూలు.

మోతీనగర్‌దీ మంచిదేం కాదు. మంజీర కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, బోరు నీళ్లు ఉప్పన. బాత్రూమ్ తలుపు అడుగున పుచ్చిపోయింది.

మరదలిని పక్కకి పిలిచి అడిగాను, నీకేం కావాలమ్మా అని. "బావగారూ, ఫాల్స్ సీలింగ్ ఆయనకి ఇష్టం. ఆయన వచ్చేదాకా ఒక్కదాన్నే ఉంటాను. బెల్ కొట్టింది ఎవరో కిందివాళ్లకి తెలిసి ఉంటే చాలు" అంది. తమ్ముడు అక్కడే ఉన్నాడు, ఏమీ మాట్లాడలేదు.

సాయంత్రం మియాపూర్‌లో ఒకటి చూశాం. పాత అపార్ట్‌మెంటే కానీ వాచ్‌మన్, లిఫ్టు, జనరేటర్ ఉన్నాయి. మెయింటెనెన్స్‌తో కలిపి 27 వేలు. గాంధీనగర్ మేడ గారు చెప్పినట్టు సింక్ కింద తడిమాను, పొడిగానే ఉంది. అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు.

పర్లాకిమిడి అమ్మాయి, ఇప్పుడు బెంగళూరు

ఆ అమ్మాయిని అడిగినందుకు థ్యాంక్స్ అన్నయ్యగారూ. కానీ రేపు ఆమెకి ఉద్యోగం ఎక్కడొస్తుందో చూసుకోండి. ఇద్దరి ఆఫీసులూ కొండాపూర్ దగ్గరే అయితే, ఇద్దరి జీతాల మీద 42 వేలు తప్పని నేను ఇప్పటికీ అనను.

బల్లార్షా నాన్న

అడ్వాన్స్ ఇచ్చేముందు రంగులకి ఎంత పట్టుకుంటారో అంకెతో సహా రాయించండి. సామాను దించకముందే ఇల్లంతా వీడియో తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపండి, తేదీ పడి ఉంటుంది. కరెంటు మీటర్ రీడింగ్ కూడా అందులోనే తీయండి.