కాంతి వేగాన్ని ఒక వైపు ప్రయాణంలో ఎవరైనా కొలిచారా?

కిరణం:
ఇంటర్ చదివే మా అమ్మాయికి సాపేక్షతా సిద్ధాంతం చెబుతుంటే, “కాంతి పోయేటప్పుడు ఒక వేగం, వచ్చేటప్పుడు మరో వేగం ఉండకూడదా?” అని అడిగింది. కొలిచారు కదా అన్నాను. తర్వాత ఆలోచిస్తే, కొలిచినవన్నీ రానుపోను ప్రయాణాలే అనిపిస్తోంది. నిజమేనా?

లోలకం:
కాదండీ. గురుడి ఉపగ్రహం అయో దాదాపు 42న్నర గంటలకొకసారి గ్రహాన్ని చుట్టి వస్తుంది. భూమి గురుడికి దూరమయ్యే నెలల్లో అయో గ్రహణాలు (అది గురుడి నీడలోకి పోవడం) ఆలస్యమవుతున్నాయని 1676లోనే ఖగోళ శాస్త్రవేత్త రోమర్ చూపించాడు. ఆ వెలుగు అక్కడి నుంచి ఇక్కడికి వచ్చిందే తప్ప తిరిగి పోలేదు. ఇది ఒక వైపు కొలత కాక మరేమిటి?

ఇరుసు:
అమ్మాయి అడిగినది అసలైన ప్రశ్న. దయచేసి దాటవేయకండి.

ముందు ఫ్రెంచి శాస్త్రవేత్త ఫిజో ప్రయోగం చూడండి. 1849లో 720 పళ్ళున్న చక్రం సందులోంచి వెలుగును 8,633 మీటర్ల దూరంలోని అద్దం మీదికి పంపాడు. చక్రం సెకనుకు సుమారు 12.6 చుట్లు తిరిగినప్పుడు, తిరిగివచ్చిన వెలుగుకు పక్క పన్ను అడ్డుపడింది, కన్నుకు చీకటి. అక్కడ గడియారం ఒక్కటే, ఆ చక్రమే. అందుకే అది రానుపోను సగటు.

ఒక వైపు కొలవాలంటే రెండు చోట్లా గడియారాలు కావాలి, అవి ముందే ఒకే సమయం చూపేలా కలిపి ఉండాలి. వాటిని కలపడానికి వాడేది మళ్ళీ కాంతినే! ఐన్‌స్టీన్ 1905 వ్యాసంలోనే పోయే కాలం, వచ్చే కాలం సమానమని నిర్వచనంగా పెట్టుకున్నాడు.

రోమర్ విషయంలో భూమే మన గడియారాన్ని కక్ష్య వెంట మోసుకెళ్ళింది. దిశను బట్టి కాంతి వేగం మారుతుందనుకుంటే, మోసుకెళ్ళిన గడియారం చూపే సమయం కూడా అంతకు సరిపడా మారుతుంది. ఆయనకు కనిపించే ఆలస్యంలో మాత్రం తేడా రాదు.

లోలకం:
మరి జీపీఎస్? అది రోజూ పనిచేస్తోంది కదా!

ఇరుసు:
అందులోని గడియారాలను కలిపినదే ఐన్‌స్టీన్ పెట్టుకున్న ఆ నియమంతో. సాక్షిని మనమే తయారుచేసుకుని సాక్ష్యం అడగకూడదు.

లోలకం:
రోమర్ సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ ఏ దిశకూ ప్రత్యేకత కనిపించనప్పుడు, సమానమనడాన్ని ఒట్టి ఒప్పందంగా తీసిపారేయలేను.

ఇరుసు:
తీసిపారేయమనడం లేదు. అది ఎంతో అందమైన ఎంపిక. సెకనుకు 29,97,92,458 మీటర్లు అని రాసే చోటే, ఇందులో కొలిచినది ఏది, ఎంచుకున్నది ఏది అని పిల్లలకు చెప్పాలంటున్నాను.

కిరణం:
పళ్ళ చక్రం బొమ్మ గీసి చూపించాను. “అద్దం దగ్గర ఇంకో గడియారం పెడితే?” అంది. రెండింటినీ ఎలా కలపాలో తననే చెప్పమన్నాను. ఇంకా ఆలోచిస్తోంది.