నడుం నొప్పికి ఆస్టియోపత్ దగ్గరికి వెళ్లొచ్చా? (యూకే)

శేషు, రెడింగ్:
నమస్తే అండీ. రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. నడుం కింద ఎడమవైపు పట్టేస్తోంది, పొద్దున సాక్స్ వేసుకోవడానికి వంగాలంటే ప్రాణం పోతోంది. జీపీ (మా ఏరియా ఫ్యామిలీ డాక్టరు) ఫిజియోకి రాశారు, పిలుపు ఇంకా రాలేదు. కొలీగ్ ఆస్టియోపత్ దగ్గరికి వెళ్లమంటున్నాడు. మన పుత్తూరు కట్టు లాంటిదేనా ఇది? వచ్చే నెల అమ్మ వస్తోంది, ఆస్టియోపొరోసిస్ (ఎముకలు పలచబడే జబ్బు) ఉంది. తనని కూడా చూపించొచ్చా?

సుజాత, లెస్టర్:
పుత్తూరులో కట్టేది విరిగిన ఎముకకండీ. ఆస్టియోపత్‌లు వాటి జోలికి పోరు, కండరాలు, కీళ్లు చూస్తారు. 1874లో అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి. ఇక్కడ 1993 చట్టం వచ్చాక, జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్‌లో నమోదైనవాళ్లే ఆ పేరు పెట్టుకోవాలి. వాళ్ల రిజిస్టర్‌లో పేరు వెతికి చూసుకునే వెళ్లండి.

నేను వెళ్లినప్పుడు ఆస్టియోపత్ ఆవిడ చాలాసేపు ప్రశ్నలే అడిగింది: పాత దెబ్బలు, వాడే మందులు, మూత్రం సరిగా వస్తోందా అని కూడా. తర్వాత నిలబెట్టి ముందుకీ పక్కలకీ వంచి చూసింది. పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఒక చెయ్యి భుజం మీద, ఒకటి తుంటి మీద పెట్టి మెల్లగా మెలితిప్పింది. టక్‌మంది. ఎముక సర్దుకుందేమో అనుకున్నా. కాదట, కీలులోని ద్రవంలో గ్యాస్ బుడగ చప్పుడట. నొప్పి కాస్త తగ్గగానే వ్యాయామాలు నేర్పింది, నన్ను నిలబెట్టినవి అవే. నైస్ (ఇక్కడ ఏ చికిత్స ఎలా చెయ్యాలో సూచించే ప్రభుత్వ సంస్థ) మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి: చేతి చికిత్స ఒక్కటే చాలదు, వ్యాయామంతో కలిపే చెయ్యాలి. వ్యాయామం మాటెత్తకుండా ముందే ప్యాకేజీ కట్టమనేవాళ్ల దగ్గర ఆగకండి. ఆస్తమా, పసిపిల్లల ఏడుపు తగ్గిస్తామంటే అస్సలు నమ్మకండి, దానికి గట్టి ఆధారాల్లేవు.

రమణ, డల్లాస్:
అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం ఒక మాట. ఇక్కడ ఆస్టియోపతి డిగ్రీ డి.ఓ. (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) ఉన్నవాళ్లంటే ఎం.డి.తో సమానమైన పూర్తి డాక్టరు. మందులు రాస్తారు, సర్జరీలూ చేస్తారు. డాక్టర్ల లిస్టులో డి.ఓ. అని కనపడగానే మా బంధువులు పక్కన పెట్టేస్తున్నారు, అలా చెయ్యకండి.

లక్ష్మి, నర్సు, బర్మింగ్‌హామ్:
శేషూ, కూర్చునే చోట తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పడిపోవడం, రెండు కాళ్లూ బలం తగ్గడం, వీటిలో ఏది కనపడినా ఎవరి అపాయింట్‌మెంటూ చూడొద్దు బాబూ, నేరుగా ఏ అండ్ ఈకి (ఆసుపత్రి ఎమర్జెన్సీకి) వెళ్లు. అమ్మగారి సంగతి ముందు జీపీని అడుగు. తీసుకెళ్తే, ఎముకలు పలచబడ్డాయని లోపలికి వెళ్లగానే చెప్పు. అలాంటివాళ్లకి ఆ టక్‌మనే మెలితిప్పుడు చెయ్యకూడదు.