స్పాన్ 1 గిగాహెర్ట్జ్‌కి పెంచితే బర్స్ట్ కనిపించట్లేదు, రియల్ టైమ్ స్పెక్ట్రమ్ అనలైజర్‌లో ఇలా ఎందుకు?

బెంచ్‌బోర్డు:
మా బోర్డు నుంచి 1.21 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక చిన్న బర్స్ట్ (కాసేపు వచ్చి ఆగిపోయే సిగ్నల్) వస్తోంది, వెడల్పు దాదాపు 1 మిల్లీసెకను, 200 మిల్లీసెకన్లకు ఒకసారి. అనలైజర్ రియల్ టైమ్ బ్యాండ్‌విడ్త్, అంటే ఏదీ వదలకుండా ఒకేసారి చూడగల వెడల్పు, 40 మెగాహెర్ట్జ్. స్పాన్ (తెరపై చూపించే ఫ్రీక్వెన్సీ పరిధి) అంతే పెట్టి చూస్తే ప్రతిసారీ పడుతోంది. ఇలాంటివి ఇంకెక్కడైనా ఉన్నాయేమో చూద్దామని 800 మెగాహెర్ట్జ్ నుంచి 1800 వరకు పెడితే మాత్రం ఒక్కోసారి ఎంతసేపు చూసినా రాదు, ఒక్కోసారి వరసగా వస్తుంది. పర్సిస్టెన్స్ రంగులు (సిగ్నల్ ఎంత తరచుగా వస్తోందో చూపేవి) మామూలుగానే ఉన్నాయి కాబట్టి రియల్ టైమ్‌లోనే నడుస్తోంది కదా? నాయిస్ ఫ్లోర్ (తెర అడుగున ఎప్పుడూ ఉండే నాయిస్ మట్టం) కూడా పైకి లేచింది. స్టెప్‌కి డ్వెల్, అంటే ఒక్కో చోట ఆగే సమయం, 10 మిల్లీసెకన్లు ఉంది.

లోకల్‌ఆసిలేటర్:
రంగులు చూసి నమ్మకండి. 40 దాటాక మీరు చూస్తున్నది స్వీప్. అనలైజర్ ఒక 40 మెగాహెర్ట్జ్ ముక్క దగ్గర ఆగి, అక్కడ ఉన్నంతసేపూ రియల్ టైమ్‌లోనే చూసి, ట్యూనింగ్ మార్చుకుని పక్క ముక్కకు పోతుంది, చివర్లో అన్నిటినీ అతికించి ఒకే తెరగా చూపిస్తుంది. 1 గిగాహెర్ట్జ్ అంటే 25 ముక్కలు. అంటే మీ 1.21 దగ్గర అది ఉండేది మొత్తం సమయంలో 4 శాతమే.

ఇప్పుడు లెక్క చూడండి, రీట్యూన్ టైమ్ పక్కన పెడితే 25 ముక్కలు, ఒక్కోటి 10 మిల్లీసెకన్లు, స్వీప్‌కి 250. మీ బర్స్ట్‌కి 200. ఈ రెండూ ఐదుకు నాలుగు లెక్కన ముడిపడిపోయాయి, అంటే ప్రతి సెకనుకూ అదే వరస తిరిగి వస్తుంది, బర్స్ట్ సైకిల్‌లో ఒకే నాలుగు చోట్లను అనలైజర్ మళ్లీ మళ్లీ చూస్తుంది. బర్స్ట్ ఆ నాలుగింటిలో పడితే వరసగా కనిపిస్తుంది, పడకపోతే గంట కూర్చున్నా రాదు. నిజానికి రీట్యూన్ టైమ్ వల్ల ఆ చోట్లు మెల్లగా జరుగుతుంటాయి, మీకు ఒకసారి కనిపించి ఇంకోసారి మాయమవడానికి కారణం అదే.

డ్వెల్‌ని బర్స్ట్ పీరియడ్ కంటే ఎక్కువ పెట్టండి, 210 అనుకోండి. స్వీప్ 5 సెకన్లు దాటుతుంది, చిరాకుగానే ఉంటుంది, కానీ ఒక్క స్వీప్‌లోనే ఖాయంగా దొరుకుతుంది. మ్యాక్స్ హోల్డ్ (వచ్చిన గరిష్ఠ విలువను తెరపై నిలిపి ఉంచేది) ఆన్ చేసి వదిలేయండి.

ఆర్‌బీడబ్ల్యూ_రాత్రి:
నాయిస్ ఫ్లోర్ సంగతి వేరు. ఆర్‌బీడబ్ల్యూ (రిజల్యూషన్ బ్యాండ్‌విడ్త్, అనలైజర్ ఫిల్టర్ వెడల్పు) ఆటోలో ఉంటే స్పాన్ పెంచగానే అదీ పెరుగుతుంది. 10 కిలోహెర్ట్జ్ నుంచి 100కి పోతే నాయిస్ 10 డెసిబెల్స్ లేస్తుంది. 1 మిల్లీసెకను బర్స్ట్ ఎత్తు పెద్దగా మారదు, కానీ మీరు వెతుకుతున్న చిన్నవి అందులో మునిగిపోతాయి. మాన్యువల్‌లో పెట్టండి. డిటెక్టర్ (ఒక్కో పాయింట్‌కి ఏ విలువ చూపించాలో తేల్చే సెట్టింగ్) కూడా చూసుకోండి, ట్రేస్ 801 పాయింట్లయితే ఒక్కో పాయింట్ కింద 1.25 మెగాహెర్ట్జ్ ఉంటుంది, పాజిటివ్ పీక్ (అందులోని గరిష్ఠ విలువ) కాకుండా శాంపుల్ (ఏదో ఒక్క విలువ) పెడితే సన్నటివి జారిపోతాయి.

బెంచ్‌బోర్డు:
థాంక్సండీ, 210 పెట్టాక ప్రతి స్వీప్‌లోనూ వస్తోంది. ఇప్పుడు 1400 దగ్గర ఇంకోటి కనిపిస్తోంది, వెడల్పాటిది, కానీ కుడి వైపు కత్తితో కోసినట్టు నిటారుగా ఆగిపోతోంది. ఇది నిజంగా అలాగే ఉందా? అలాగే ఫ్రీక్వెన్సీ మాస్క్ ట్రిగ్గర్ (తెరపై గీసిన హద్దును సిగ్నల్ దాటగానే పట్టుకునేది) ఈ స్పాన్ మొత్తానికీ పెట్టొచ్చా?

లోకల్‌ఆసిలేటర్:
800 నుంచి 40 చొప్పున లెక్కేస్తే 1400 సరిగ్గా అతుకు పడే చోటు. ఎడమ ముక్క చూసినప్పుడు సిగ్నల్ ఉంది, కుడి ముక్కకు వచ్చేసరికి ఆగిపోయింది, అంతే అయి ఉండొచ్చు. స్టార్ట్ ఫ్రీక్వెన్సీని 10 మెగాహెర్ట్జ్ జరిపి చూడండి, ఆ అంచు కూడా జరిగితే అతుకే, కదలకపోతే సిగ్నలే అలా ఉంది. అతుకు దగ్గర కనిపించే ఆకారాన్ని రిపోర్టులో రాయకండి, దాన్ని 40 స్పాన్ మధ్యకు తెచ్చుకుని మళ్లీ కొలవండి.

మాస్క్ ట్రిగ్గర్ రియల్ టైమ్ బ్యాండ్‌విడ్త్ లోపలే నమ్మకంగా పనిచేస్తుంది, ఎందుకంటే అనలైజర్ అక్కడ లేనప్పుడు జరిగినదానికి ట్రిగ్గర్ అవ్వలేదు కదా. స్వీప్‌లో ఎక్కడుందో పట్టుకోండి, తర్వాత 1.21 దగ్గర 40 స్పాన్ పెట్టి మాస్క్ గీయండి.